ఈ ఏడు పేరు పండుగ లేదు

అక్టోబర్ 17, 2011. సోమవారం

లారిస్సా నుంచి వాయా ఫోన్ చేసింది. ఏథెన్సులో ఒకే కంపెనీలో, ఎదురెదురు బల్లల దగ్గర పనిచేసినవాళ్లం. నేను ఉద్యోగం వదిలి వోలోస్ వచ్చి సొంతంగా సలహాల దుకాణం పెట్టుకున్నాను. ఆవిడ వదలకుండా ఎక్కి ఎక్కి ఇప్పుడు బ్యాంకులో మొండి బాకీల విభాగానికి పెద్ద అయింది.

ఉద్యోగం ఇస్తానంది. జీతం, బీమా, కారు. వోలోస్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న చిన్న కంపెనీల్లో ఏది బతుకుతుందో ఏది బతకదో చూసి చెప్పాలి.

"అది నేనిప్పుడు చేస్తున్న పనేగా?" అన్నాను.

"అదే పని మినాస్. ఇన్నాళ్లూ వాళ్ల పక్కన కూర్చుని చేశావు. ఇకనుంచి బల్లకి ఇటువైపు కూర్చుని చేస్తావు, అంతే. ఆ ఊళ్లో నీకు తెలియని వంటిల్లు లేదు కదా."

డిసెంబర్ తొమ్మిదిలోగా ఏదో ఒకటి చెప్పమంది. ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికేమీ లేదు, నేను ఒప్పుకోను. రొదాంథికి చెప్పలేదు. ఒప్పుకోని ఉద్యోగం గురించి భార్యకి చెప్పి ఏం లాభం?

అక్టోబర్ 20

దేశమంతా సమ్మె, ఇది రెండో రోజు. బళ్లో టీచర్లతో పాటు రొదాంథి కూడా వెళ్లింది. బడి మొదలై ఇంతకాలమైనా పాఠ్యపుస్తకాలు రాలేదు, ఫోటోకాపీలతో పాఠం చెబుతున్నారు. జీతం మళ్లీ కోశారు. నేను ఆఫీసుకి వెళ్లి కూర్చున్నాను. సొంత వ్యాపారం చేసుకునేవాడు ఎవడి మీద సమ్మె చేస్తాడు?

అక్టోబర్ 24

సావ్వాస్ గారి కార్ఖానాకి వెళ్లాను. ఐస్‌క్రీమ్ కోన్లు చేస్తారాయన. సందు మొదట్లోనే వెనిల్లా వాసన వస్తే లోపల పొయ్యి వెలుగుతున్నట్టు. ఈరోజు వాసన పల్చగా ఉంది.

వసంతంలో ఆయనకి పెద్ద రిపోర్టు రాసిచ్చాను. బిస్కెట్ల పని ఆపేయండి, కోన్ల మీదే ఉండండి, ఇంకో కంపెనీ పేరుతో చేసి పెట్టే పని వెతుక్కుందాం అని. చదివారా అంటే, "బ్రహ్మాండంగా ఉంది అబ్బాయ్. మా ఆవిడ పార్థెనా కూడా మెచ్చుకుంది, అచ్చు ముచ్చటగా ఉందంది" అన్నాడు. రిపోర్టు పిండి తూచే కాటా కింద ఉంది. నేల అక్కడ పల్లమట.

వ్యాపారం ఎలా ఉందని అడిగితే భేషుగ్గా ఉందన్నాడు. ఈ ఊళ్లో అందరి వ్యాపారం భేషుగ్గానే ఉంటుంది, తలుపుకి తాళం పడే రోజు దాకా. సలహాదారు ఆఫీసు మెట్లెక్కడమంటే పరువు పోవడమే. నన్ను చూస్తే డాక్టర్ని చూసినట్టు చూస్తారు, ఆరోగ్యంగా ఉన్నామని నవ్వుతారు.

నవంబర్ 1

కర్దిత్సా నుంచి స్పిరోస్ ఫోన్. ఆయనది ఐస్‌క్రీమ్ వ్యాపారం. ఇటలీ వాళ్లు కోన్లు పంపాలంటే ముందే సొమ్ము కట్టమంటున్నారట. గ్రీసు నుంచి అనగానే ముఖం మారిపోతోందట. తన పేరు అచ్చేసి ఇచ్చేవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగాడు.

సావ్వాస్ ఉన్నాడు. అచ్చంగా ఇద్దరికీ కుదిరిన బేరం. కానీ తొందరపడకూడదు. నేను ఫోన్ చేసి చెబితే, నా కోసం ఊరూరా అడుక్కుంటున్నావా అని సావ్వాస్ మండిపడతాడు. స్పిరోస్ తనంతట తానే వెళితే ఇటువైపు గిరాకీ లేదని కనిపెట్టి ధర విరిచేస్తాడు. పదకొండో తారీకు నా పేరు పండుగ, నా పేరున్న సాధువు రోజు. ఇద్దరూ ఏటా వస్తారు. కుర్చీలు పక్కపక్కన వేసి, సిపురో సారా పోసి, నేను వంటింట్లోకి వెళ్లిపోవాలి. రెండో గ్లాసు అయ్యేసరికి మాటలు వాటంతటవే వస్తాయి. ఈ ఊళ్లో పనులన్నీ అలాగే అవుతాయి. నాకు వచ్చిన పనుల్లో సగం అలా వచ్చినవే.

నవంబర్ 4

ఇంటి పన్ను కరెంటు బిల్లులో కలిసి వచ్చింది. కట్టకపోతే కరెంటు తీసేస్తారు. ప్రభుత్వానికి ఇంత తెలివైన సలహా ఎవరిచ్చారో, వాడికి పనికి కొదవ ఉండదు.

నవంబర్ 6, ఆదివారం

పేరు పండుగ గురించి కూర్చుని ఆలోచించాను. సాధువు మినాస్ రోజు వచ్చిందని మినాస్ అనే పేరున్న ప్రతివాడూ ఇల్లు, ఆఫీసు తెరిచి పెట్టుకుని కూర్చోవాలి. పిలుపులుండవు. ఎవరు వస్తారో తెలియదు, ఎంతమంది వస్తారో తెలియదు. వచ్చినవాళ్లందరికీ తినడానికీ తాగడానికీ పెట్టాల్సింది మనం. ఏ కంపెనీ అయినా ఇలాంటి ఖర్చు నా ముందు పెడితే ఎర్ర కలంతో కొట్టేసేవాణ్ణి. ఊళ్లోవాళ్లకి పొదుపు చెప్పే నేను అది నా ఇంట్లో పాటించకపోతే ఎలా?

ఈ ఏడు జరపడం లేదు. రొదాంథితో చెప్పాను.

"మనింట్లో ఎవరైనా పోయారా?" అంది.

ఎవరూ పోలేదు, దేశమే పోతోందన్నాను. చావు ఉన్న ఇంట్లోనే పండుగ మానేస్తారు, అది తన మాట. అలాంటి పాత ఆచారాలు ఇప్పుడెవరు చూస్తున్నారు, అది నా మాట. కాసేపు గిన్నెలు తుడిచి తరవాత అంది.

"నీకు ఖర్చు భయం కాదు మినాస్. ఈసారి ఎవరూ రారేమోనని భయం."

రొదాంథి బళ్లో చెప్పేది సాహిత్యం. లెక్కలు కాదు. అందుకే ప్రతిదాని వెనకా ఇంకేదో ఉందంటుంది.

నవంబర్ 8

పత్రిక ఆఫీసుకి వెళ్లి ప్రకటన ఇచ్చాను. ఫలానా మినాస్ ఈ ఏడు పేరు పండుగ జరుపుకోవడం లేదు, అతిథులను స్వీకరించడం లేదు. పొడి పొడిగా, మర్యాదగా ఉంది. అదే కాగితం ఆఫీసు తలుపుకీ అంటించాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి రసీదు ఇస్తూ, "దేవుడు మీకు ధైర్యమివ్వాలి సార్" అంది. నేను థాంక్స్ అన్నాను. ఇంకేమనాలి?

సావ్వాస్, స్పిరోస్ సంగతి తరవాత చూడొచ్చు. ఐస్‌క్రీమ్ ఎండాకాలం మాట కదా.

నవంబర్ 11

చాలా పని అయింది. ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం టీవీలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఇంటికి వచ్చేసరికి రొదాంథి నారింజ కేకు చేసి పెట్టింది. ఇద్దరమే తిన్నాం. పొద్దున్నుంచీ ఒక్క ఫోన్ కూడా రాలేదంటే, చెప్పినమాట వినే ఊరే ఇది, నేనే అపార్థం చేసుకున్నాను.

నవంబర్ 14

కింద కాఫీ కొట్టు జీసిస్ కాఫీ పట్టుకొచ్చి పోకుండా నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, గది ఎప్పుడు ఖాళీ చేస్తున్నారని అడిగాడు. వాళ్ల మరదలు గోళ్ల రంగుల కొట్టు పెట్టాలనుకుంటోందట, వెలుతురు బాగుంటుందట.

ఖాళీ చేయడమేంటన్నాను.

"అయ్యో, మూసేస్తున్నారుగా. ఊరంతా అదే మాట. మొదట మీ అమ్మగారు పోయారనుకున్నారు. తరవాత ఆవిడ చేపల బజార్లో బేరమాడుతూ కనపడింది. మనిషి పోలేదంటే పోయింది వ్యాపారమేగా మరి?"

జీసిస్‌ని కోప్పడ్డాను. వాడేం చేస్తాడు పాపం. గది కొలతలు మాత్రం చూసుకునే వెళ్లాడు.

నవంబర్ 18

ఇద్దరు తమ కాగితాలు వెనక్కి అడిగారు. ఎంత మర్యాదగా అడిగారంటే కాఫీ తాగమని కూర్చోబెట్టాను. "మీకు ఎక్కడ ఏ ఇబ్బందో, మధ్యలో మా కాగితాలు ఎందుకని" అన్నాడొకడు. రెండోవాడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు, శవం లేచే ఇంట్లో ఊపినట్టు.

నేను మూసేయలేదని చెప్పాను. వింటారు, తలూపుతారు. తన దుకాణం మూసేస్తున్నానని ఎవడు ఒప్పుకుంటాడు? మూసేవాడూ తీసేవాడూ ఒకే మాట చెబుతారు ఇక్కడ. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు.

నవంబర్ 22

వాయా మాట రొదాంథికి చెప్పాను. నెల పైనుంచీ దాచానని మండిపడింది.

"చెప్పేదేదైనా ముందు నాకు చెప్పు. నీ డైరీకి తరవాత చెప్పుకోవచ్చు" అంది.

మంచి జీతమని, బీమా అని, తన జీతం మళ్లీ కోస్తే ఏం చేస్తామని చెప్పాను. నిజమేనంది. ఆ నిజమేనన్న మాట విన్నాక నాకు ఇంకా చెప్పడానికేమీ లేకపోయింది. ఒక్కటే అడిగింది, మొదటి రోజు పొద్దున నీ బల్ల మీద పెట్టేది ఎవరి ఫైలని. తెలియదన్నాను. తెలుసు. కార్ఖానా మీద బ్యాంకు అప్పున్నవాళ్లలో నాకు బాగా తెలిసినవాడు ఎవరంటే సావ్వాసే.

సావ్వాస్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆయన ఫోన్ కార్ఖానాలో ఉంటుంది, పొయ్యి చప్పుడులో వినపడదు.

నవంబర్ 28

నిర్ణయం తీసుకున్నాను. వాయా ఇచ్చే పనికే వెళతాను. ఎలాగూ ఎవడో ఒకడు ఆ కుర్చీలో కూర్చుంటాడు, ఊరి సంగతి తెలిసినవాడు కూర్చుంటే ఊరికే మంచిది. కాస్త దయగా చేస్తాను. చాలా తేలిగ్గా ఉంది మనసు.

నవంబర్ 29

నిద్ర పట్టలేదు.

డిసెంబర్ 5

సాధువు సావ్వాస్ రోజు. సాయంత్రం పెట్టె కేకులు కట్టించుకుని వెళ్లాను. ఆయన ఇల్లు కార్ఖానా పైనే. సందులోకి తిరిగాను, వెనిల్లా వాసన లేదు. అసలే లేదు. సోమవారం కదా, సెలవిచ్చి ఉంటాడనుకున్నాను. సోమవారం ఎవడు సెలవిస్తాడు?

పైన తలుపు బార్లా తీసి ఉంది. పార్థెనా గారు ఎదురొచ్చి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని పెట్టె అందుకుంది. బల్ల నిండా ఉంది. వేయించిన చేపలు, ఊరగాయలు, గింజల హల్వా. మనుషులే తక్కువ. ఆవిడ చెల్లెలు, చెల్లెలి భర్త, ఇద్దరు పాత పనివాళ్లు. సావ్వాస్ లేచి నిలబడ్డాడు. నిండు నూరేళ్లు అన్నాను. నీకూ, నీవాళ్లకీ అన్నాడు. కుర్చీ చూపించాడు, పోశాడు.

పనివాళ్లు కోన్ల గురించి భూతకాలంలో మాట్లాడుకుంటున్నారు. మొదట పట్టించుకోలేదు. తరవాత నా చేతిలో గ్లాసు కింద పెట్టాను.

సావ్వాస్ పొయ్యి అమ్మేశాడు. సరిహద్దు అవతల నుంచి ఒక వ్యాపారి లారీ వేసుకుని వస్తున్నాడు, మూతబడ్డ కార్ఖానాల యంత్రాలు పాత ఇనుము ధరకి ఎత్తుకుపోతున్నాడు. నవంబర్ నెలాఖర్లో వచ్చి పిండి కాల్చే పట్టాలు, అచ్చులు, మూతలు అన్నీ విప్పి తీసుకుపోయాడు. పనివాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చేశానన్నాడు సావ్వాస్, ఎవరికీ మాట రాకుండా. చెబుతూ ఆయన చేప ముల్లు తీస్తున్నాడు. తీసి ఆ ముక్క నా పళ్లెంలో వేశాడు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా సావ్వాస్ గారూ" అన్నాను.

"అందామనే వచ్చాను అబ్బాయ్. పదకొండో తారీకు కోటు వేసుకుని, ఇదిగో ఈవిడ కట్టిన పెట్టె పట్టుకుని. నీ తలుపు మీద కాగితం చూశాను."

"అది ఖర్చు... ఊరికే పెట్టానది."

"ఊరికే ఎవడు పెడతాడు? అక్కడే మెట్ల మీద నిలబడి ఆలోచించాను. ఈ ఊళ్లో అందరి లెక్కలూ తెలిసినవాడు మినాస్. ఎక్కడ ఏముందో వాడికి కనిపిస్తుంది. వాడే పండుగ మానేశాడు, వాడే మూసేస్తున్నాడంటే ఇంక నేను దేనికి చూస్తున్నట్టు? లారీవాడు అప్పటికి రెండు సార్లు అడిగి పోయాడు. ఇంటికొచ్చి వాడికి ఫోన్ చేశాను."

పార్థెనా గారు నా వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకి నా మీద కోపం లేదు. ఇద్దరికీ లేదు. మంచి సలహా ఇచ్చినందుకు కృతజ్ఞతగా ఉన్నారు. అది చూశాక నాకు లేచి పరిగెత్తాలనిపించింది.

స్పిరోస్ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. కర్దిత్సాలో కోన్లు కావాలని అడుగుతున్నాడని, నా ఇంట్లో మీ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడదామనుకున్నానని, నెల పైనుంచీ తెలుసని. సావ్వాస్ సీసా తీసి అందరికీ పోస్తూ వచ్చి, నా గ్లాసు దగ్గర ఆగి, నాకూ పోశాడు.

డిసెంబర్ 6

పని చేసినంతకాలం రిపోర్టులు రాశాను. పటాలు, అంచనాలు, ఇటైతే ఇలా, అటైతే అలా అని. ఎవరూ ఒక్క పేజీ పాటించలేదు. కాటా కింద పెట్టుకున్నారు. నేను సలహా అనుకోకుండా చేసిన ఒకే ఒక్క పని, దాన్ని మాత్రం ఒక మనిషి అక్షరాలా పాటించాడు.

వాళ్లు నేను రాసింది చదవరు. నన్ను చదువుతారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. లేక రొదాంథి చెప్పిందేమో.

అవును, ఎవరూ రారేమోనని భయపడ్డాను. ఖాళీ కుర్చీల మధ్య నేనొక్కణ్ణీ టై కట్టుకుని కూర్చోవాల్సి వస్తుందని. ఖర్చు లెక్క ఆ తరవాత వేశాను.

డిసెంబర్ 9

వాయాకి ఫోన్ చేసి రానని చెప్పాను. పిచ్చివాడివంది. వోలోస్‌లో వచ్చే ఏడాదికి సలహా అడిగేవాడు మిగలడంది. కావచ్చన్నాను. మరి దేన్ని చూసుకుని ఈ ధైర్యమని అడిగింది.

"ధైర్యం కాదు వాయా. నేను నిజంగా తాళం వేస్తే ఇంకెంతమంది వేస్తారో నాకు తెలియదు. అది తెలియకుండా వేయలేను."

అంత గొప్పవాడివనుకుంటున్నావా అంది. ఆ మాట గుచ్చుకుంది. కాదు, గొప్పవాణ్ణి కాదు. వీధి చివర మందుల కొట్టువాడు తలుపు మూస్తే రోగమే లేనివాడికి కూడా గుండె దడ పుడుతుంది. అంతమాత్రమే. ఇది ఆవిడతో అనలేదు, ఇప్పుడు తోచింది.

రొదాంథికి ముందే చెప్పాను. ఈసారి ఫోన్ చేయకముందే. సరే, శెనగలు చాలా ఉన్నాయిలే ఇంట్లో, అంది.

డిసెంబర్ 12

సాధువు స్పిరిదోన్ రోజు. సావ్వాస్ గారిని కారెక్కించుకుని కర్దిత్సా వెళ్లాను. రానన్నాడు మొదట. పిలవని ఇంటికి ఏమని వెళతానన్నాడు, నేనక్కడ ఎవరికి తెలుసన్నాడు, ఇప్పుడు నా దగ్గరేముందని అన్నాడు. పేరు పండుగకి పిలుపేంటని పార్థెనా గారే కోటు తొడిగి పంపింది. దారి పొడుగునా పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చెప్పాలి అక్కడ?" అని అడిగాడు.

"నిండు నూరేళ్లు అనండి. ఇంకేం అనకండి."

స్పిరోస్ ఇల్లు కిటకిటలాడుతోంది. అంతమంది ఉంటారనుకోలేదు. పాలవాళ్లు, రవాణా లారీలవాళ్లు, పక్క ఊరి బేకరీవాళ్లు, అందరూ. నన్ను చూసి గదిలో సందడి కాస్త తగ్గింది. బేకరీ ఆయన ఒకడు, పెద్ద గొంతువాడు, అడిగేశాడు. "మినాస్ గారూ, మీరు మూసేశారన్నారే?"

లేదు, పుకారు, అనడం తేలిక. నోటి చివరిదాకా వచ్చింది. పక్కన సావ్వాస్ గారు పెట్టె ఇంకా పట్టుకునే నిలబడ్డాడు.

"మూయలేదు. భయపడ్డాను" అన్నాను. "ఈసారి నా ఇంటికి ఎవరూ రారేమోనని భయమేసి, పండుగే లేదని కాగితం పెట్టాను. అంతకుమించి ఏం లేదు."

ఎవరూ నవ్వలేదు. స్పిరోస్ భార్య వచ్చి సావ్వాస్ చేతిలోంచి పెట్టె తీసుకుంది. ఆవిడే అంది, మేమూ ఈ ఏడు మానేద్దామనే అనుకున్నామని, ఆయన పొద్దున దాకా నాన్చుతూనే ఉన్నాడని. స్పిరోస్ ఆవిడ వంక గుర్రుగా చూసి, తరవాత తల గోక్కుని, నిజమేనన్నాడు. బేకరీ ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించి, ఎండాకాలం నుంచీ తను రెండో పొయ్యి వెలిగించడం లేదన్నాడు. ఊళ్లో తెలియకూడదని చిమ్నీలో కట్టెలు మాత్రం కాలుస్తున్నాడట. అప్పుడు నవ్వారు, ముందు ఆయనే. తరవాత ఒక్కొక్కళ్లే మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ నేను వినని లెక్కలు విన్నాను.

సావ్వాస్‌ని స్పిరోస్ పక్కన కూర్చోబెట్టి, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఏదీ తేలలేదు. స్పిరోస్‌కి పెరట్లో వాడని షెడ్డు ఒకటి ఉంది, వచ్చేముందు మా ఇద్దరికీ చూపించాడు. పొయ్యి లేదు. బేకరీ ఆయన పొయ్యి కోన్లకి పనికొస్తుందా అంటే, పట్టాలు మార్చి చూడాలి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు సావ్వాస్. అచ్చులు మళ్లీ చేయించాలి. పనివాళ్లలో ఒకడు అప్పుడే కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు సావ్వాస్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"అక్కడ అన్న మాట నవంబర్‌లో అని ఉంటే నా పొయ్యి నాకుండేది" అన్నాడు. కోపంగా కాదు. లెక్క చెప్పినట్టు.

"అవును" అన్నాను.

లారిస్సా దాటాక, కర్దిత్సా షెడ్డు పైకప్పు ఎంత ఎత్తుందో చూశావా అని అడిగాడు.